ఆరు వేల జనాభా ఉన్న పంచాయతీలో చెత్తకు ప్రణాళిక ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందుగా ప్రశ్న క్లుప్తంగా. 2025 డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన తెలంగాణ సర్పంచ్ ఒకరు అడుగుతున్నారు: ఊరి జనాభా సుమారు 6,000, ఇళ్ళు 1,500. పంచాయతీకి ట్రాక్టర్ ఉంది. పల్లె ప్రగతి కాలంలో కట్టిన, చెత్తను వేరుచేసే సెగ్రిగేషన్ షెడ్డు ఉంది కానీ దానికి తాళం పడి చాలా కాలమైంది. చెత్తంతా చెరువు పక్కన పోస్తున్నారు, అది ఎప్పుడూ పొగలు కక్కుతూనే ఉంటుంది. ఒక కంపెనీ వాళ్ళు వచ్చి 18 లక్షలకు చెత్తను ఎరువుగా మార్చే యంత్రం పెడతామంటున్నారు. పైనుంచేమో సమగ్ర ఘన వ్యర్థాల నిర్వహణ ప్రణాళిక పంపమంటున్నారు. ఏది ముందు చేయాలి?

నేరుగా చెప్తాను. యంత్రం కొనకండి. కొత్త కట్టడం ఏదీ మొదలుపెట్టకండి. ముందు ఒక వారం పాటు ఊరి చెత్తను తూకం వేయండి. తర్వాత ఒక్కో రకం చెత్త చివరికి ఎవరి దగ్గరికి చేరుతుందో, వాళ్ళ పేరు, ఫోన్ నంబరుతో సహా కాగితం మీద రాయండి. ఆ చివరి చోటు తేలాకే షెడ్డులో ఏం చేయాలో తేలుతుంది. షెడ్డు పని తేలాక ఏ బండి కావాలో, ఎన్ని రోజులకోసారి తిరగాలో తెలుస్తుంది. ఇంటింటికీ బుట్టలు పంచడం అన్నిటికంటే చివర.

చాలా ఊళ్ళలో ఇది తలకిందులుగా జరుగుతుంది. మొదటి రోజే ఫొటోలు దిగుతూ నీలం, ఆకుపచ్చ బుట్టలు పంచుతారు. మూడో నెలలో ఒక బుట్టలో బియ్యం, ఇంకో దానిలో నీళ్ళు ఉంటాయి. తప్పు జనానిది కాదు. వాళ్ళు వేరు చేసి ఇచ్చిన చెత్తను ట్రాక్టర్‌లో కలిపి పోయడం కళ్ళారా చూశాక ఎవరు మాత్రం మళ్ళీ వేరు చేస్తారు?

చిన్న మున్సిపాలిటీల్లో, ఆ తర్వాత రెండు రాష్ట్రాల పంచాయతీల్లో చెత్త పనే నా వృత్తి. తాళం పడిన షెడ్లు చాలా చూశాను. వాటిలో ఎక్కువ వాటికి ఒకటే జబ్బు: లోపలికి వచ్చిన చెత్త బయటికి పోయే దారి లేదు. నెల తిరిగేసరికి ప్లాస్టిక్ సంచులు పైకప్పు దాకా పేరుకుంటాయి, ఎలుకలు చేరతాయి, పనివాళ్ళు ఇబ్బంది పడతారు, ఎవరో ఒకరు నిప్పు పెడతారు. ఆ తర్వాత తాళమే.

తూకం ఎలా వేయాలి

ఊళ్ళో మూడు చోట్లు ఎంచుకోండి. పాడి పశువులున్న రైతుల వాడ ఒకటి, సెంటర్‌లో దుకాణాలూ అద్దె ఇళ్ళూ ఉన్న వీధి ఒకటి, కూలీ పనులకు వెళ్ళేవాళ్ళ కాలనీ ఒకటి. ఒక్కో చోట ఇరవై ఇళ్ళ చెత్తను వారం రోజులు విడిగా తెచ్చి టార్పాలిన్ మీద పోయించండి. తడి, పొడి, డైపర్లు ప్యాడ్లు, మట్టి దుమ్ము అని నాలుగు కుప్పలు చేసి పత్తి తూచే కాటా మీద తూయండి. ఆ వారంలో ఆదివారం, అంగడి రోజు తప్పకుండా ఉండాలి. చికెన్ షాపుల చెత్త, అంగడిలో కుళ్ళిన కూరగాయలు ఆ రెండు రోజుల్లోనే బయటపడతాయి. హోటళ్ళు, ఫంక్షన్ హాలు, హాస్టల్ ఉంటే వాటిని విడిగా తూయండి.

ఇంత శ్రమ ఎందుకంటే, డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) రాసేవాళ్ళు నగరాల లెక్క తెచ్చి మనిషికి రోజుకు 400, 500 గ్రాములు వేసేస్తారు. నేను చూసిన పల్లెల్లో అది 150 నుంచి 250 గ్రాముల మధ్యే ఉంటుంది. మీ ఊరికి 200 అనుకుంటే రోజుకు 1,200 కిలోలు. నగరం లెక్క వేస్తే అది 2,400 దాటుతుంది. షెడ్డు, బండ్లు, యంత్రం అన్నీ రెండింతలవుతాయి. అమ్మేవాళ్ళకు లాభం, నడపాల్సిన మీకు భారం.

ఆ 1,200 కిలోల్లో సగం కంటే కాస్త ఎక్కువ, సుమారు 650 కిలోలు, తడి చెత్త ఉంటుంది. 200 కిలోల దాకా పొడి చెత్త. మిగిలిన దానిలో ఎక్కువ భాగం మట్టి, ఊడ్చిన దుమ్ము, మోరీల్లోంచి తీసిన పూడిక. ఇవి నా అంచనాలు మాత్రమే, మీ కాటా ఏం చెప్తే అదే మీ లెక్క.

ఈ మట్టి సంగతి ఎవరూ పట్టించుకోరు కానీ పల్లెల్లో ఎరువు పాడయ్యేది దీనివల్లే. వాకిలి ఊడ్చిన దుమ్ము, మోరీ పూడిక తడి చెత్తలో కలిస్తే కుప్ప వేడెక్కదు, జల్లెడ పట్టాక కూడా ఇసుక, గాజు ముక్కలు మిగులుతాయి. అలాంటి ఎరువును రైతు ఒక్కసారే తీసుకెళ్తాడు. ఊడ్చేవాళ్ళ తట్ట వేరు, ఇంటింటి చెత్త బండి వేరు అని మొదటి రోజు నుంచే పెట్టండి. ఊడ్చిన మట్టిని, ఆరిన పూడికను గుంతలు పూడ్చడానికి వాడుకోవచ్చు. పూడికను మోరీ పక్కనే రోజుల తరబడి వదలకండి, వాన పడితే మళ్ళీ అందులోకే పోతుంది.

తడి చెత్త: అంతా సేకరించాల్సిన పని లేదు

పశువులున్న ఇంట్లో అన్నం, కూరగాయ తొక్కలు కుడితిలోకి పోతాయి, మిగిలింది పెంటకుప్ప మీదకు పోతుంది. ఇది తరాలుగా నడుస్తున్న పద్ధతి. అలాంటి ఇంటికి తడి బుట్ట ఇచ్చి, ఆ చెత్తను కిలోమీటరు అవతలికి మోసి, అక్కడ ఎరువు చేసి, తిరిగి అదే రైతుకు అమ్మాలనుకోవడం డీజిల్ దండగ. ఆ ఇళ్ళ జాబితా రాసుకోండి. వాళ్ళను అడగాల్సింది ఒక్కటే: పెంటకుప్పలో ప్లాస్టిక్ వేయొద్దని, కుప్పను వీధిలోంచి తమ చేను దగ్గరికో ఇంటి వెనక్కో జరపమని. పెరడు ఉండి పశువులు లేని ఇళ్ళకు రెండు చిన్న గుంతల పద్ధతి సరిపోతుంది. ఒకటి నిండాక మూసి, రెండోది మొదలుపెడతారు.

ఇలా మూడో వంతు ఇళ్ళు తగ్గినా మీకు వచ్చే తడి చెత్త రోజుకు 430 కిలోలు, వారానికి 3 టన్నులు. దీనికి యంత్రం అక్కర్లేదు. వారానికో కుప్ప వేయండి: 6 అడుగుల వెడల్పు, 10 నుంచి 12 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు. ఏడెనిమిది వారాలకు మొదటి కుప్ప ఎరువై ఖాళీ అవుతుంది, తొమ్మిదో వారం చెత్త అక్కడ పడుతుంది. ఎనిమిది కుప్పలకు, మధ్యలో తిరగడానికి దారులకు కలిపి 120 గజాల చోటు చాలు. మీ షెడ్డు, దాని ముందున్న జాగా సరిపోతాయి.

కుప్ప వేసేటప్పుడు పొర తడి, పొర ఎండు ఆకులు లేదా వరిగడ్డి ముక్కలు వేయాలి. తడి చెత్త ఒక్కటే వేస్తే నీళ్ళు కారి, కుళ్ళి, కంపు కొడుతుంది. ఆ కంపు వల్లే చుట్టుపక్కల వాళ్ళు గొడవకు వస్తారు, వాళ్ళ మాటలో న్యాయం ఉంది. ప్రతి పొర మీద పల్చగా పేడ నీళ్ళు చల్లండి. రెండు మూడు రోజుల్లో లోపల 55 డిగ్రీలు దాటాలి. థర్మామీటర్ లేకపోతే ఇనుప కడ్డీ లోపలికి దింపి కాసేపాగి తీయండి. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే కుప్ప సరిగ్గా నడుస్తున్నట్టు. ఆ వేడికే కలుపు గింజలు, రోగక్రిములు చస్తాయి. వారానికోసారి తిరగేయాలి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండు ఆకులు కలపండి, చుక్క కూడా రాకపోతే నీళ్ళు చల్లండి.

వర్మీ కంపోస్ట్ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. వానపాములు మంచివే, కానీ పచ్చి చెత్త వేడిలో చచ్చిపోతాయి. పదిహేను ఇరవై రోజులు కుప్పలో మగ్గిన దాన్నే వాటికి వేయాలి. మే నెలలో మన ఎండలకు రేకుల షెడ్డు కింద బతికించడం కష్టం. గోనె పట్టాలు తడుపుతూ రోజూ చూసుకునే మనిషి ఉంటేనే పెట్టుకోండి. మొదటి సంవత్సరం మామూలు కుప్పలతో చేయి తిరగనివ్వండి.

వచ్చే ఎరువు బరువు వేసిన చెత్తలో పావు వంతు, మహా అయితే 30 శాతం. అంటే వారానికి 750 నుంచి 900 కిలోలు. దీన్ని ఎవరు తీసుకుంటారో కుప్ప వేయకముందే తేల్చండి. పంచాయతీ నర్సరీ, పల్లె ప్రకృతి వనం, రోడ్డు పక్క మొక్కలు మొదటి గిరాకీ. ఆ తర్వాత కూరగాయలు, పూలు వేసే రైతులు.

యంత్రం ఎందుకు వద్దంటున్నాను

కరెంటు, దాంట్లో వేసే కల్చర్ (చెత్తను మగ్గబెట్టే సూక్ష్మజీవుల) పొడి, రిపేరు, నడిపే మనిషి జీతం ఇవన్నీ ఆ 18 లక్షల బయటే ఉంటాయి. ఇలాంటి యంత్రాల్లో చాలావాటి నుంచి ఒకటి రెండు రోజుల్లో బయటికొచ్చేది పూర్తయిన ఎరువు కాదు. ఆరబెట్టి పొడి చేసిన చెత్త, తడి తగిలితే మళ్ళీ కుళ్ళుతుంది. దాన్ని ఎలాగూ వారాల తరబడి కుప్పలో మగ్గబెట్టాలి. స్థలం అసలు లేని అపార్ట్‌మెంట్లకో పెద్ద హోటళ్ళకో దానివల్ల ఉపయోగం ఉండొచ్చు. స్థలం, పేడ, ఎండు ఆకులు ఉన్న పల్లెకు అది అవసరం లేదు. ప్లాస్టిక్ నుంచి నూనె తీస్తామంటూ వచ్చే చిన్న యూనిట్ల విషయంలో ఇంకా గట్టిగా వద్దంటాను, వాటి పొగ పీల్చేది మీ పనివాళ్ళే.

నిధుల లెక్క కూడా చూడండి. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాల్లో ఘన వ్యర్థాలకు 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి తలకు 60 రూపాయలు, 5,000 దాటితే తలకు 45 రూపాయలు పెట్టారు. మీ ఊరికి అది 2 లక్షల 70 వేలు. యంత్రం ధర దీనికి ఆరు రెట్లు దాటింది. ఆ మిగతాది మీరు ఏ పద్దులోంచి తీసినా అది జీతాల డబ్బో, తాగునీటి డబ్బో అయి ఉంటుంది.

పొడి చెత్త: ముందు పాత సామాన్ల వ్యాపారితో మాట్లాడండి

మీ ఊళ్ళోనో మండల కేంద్రంలోనో స్క్రాప్ దుకాణం ఉంటుంది. ఇనుము, అట్టలు, సీసాలు, వాటర్ బాటిళ్ళు, పాల ప్యాకెట్లు ఇప్పటికే ఆయన చేతుల మీదుగానే పోతున్నాయి. ఏది తీసుకుంటాడు, ఎంత ఉంటే వచ్చి ఎత్తుకెళ్తాడు, ఎంత శుభ్రంగా కావాలి అని అడిగి రాసుకోండి. షెడ్డులో ఎన్ని గదులు కావాలో ఆ జాబితాయే చెప్తుంది. ఊళ్ళో చెత్త ఏరుకుని బతికే కుటుంబాలు ఉంటే వాళ్ళనే షెడ్డులో వేరుచేసే పనికి పెట్టుకోండి. ప్లాస్టిక్‌ను చేత్తో నలిపి చప్పుడు విని రకం చెప్పగల నైపుణ్యం వాళ్ళది. అది ఏ శిక్షణలోనూ రాదు. వాళ్ళకు గుర్తింపు ఇచ్చి కలుపుకోవాలని కేంద్రం తెచ్చిన 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు కూడా చెప్పాయి.

అసలు సమస్య ఎవరూ కొనని సరుకుది. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, పాన్ మసాలా సాచెట్లు, తెగిన చెప్పులు, చిరిగిన బట్టలు, థర్మాకోల్. మీ ఒక్క ఊరి నుంచి ఇవి నెలకు రెండు మూడు టన్నులు రావొచ్చు. వీటికి మన దగ్గర ఉన్న ఒక మంచి దారి సిమెంట్ ఫ్యాక్టరీలు. తాండూరు, హుజూర్‌నగర్ వైపు, జగ్గయ్యపేట, తాడిపత్రి ప్రాంతాల్లో ఫ్యాక్టరీలు ఉన్నాయి, వాటి బట్టీల్లో బొగ్గుతో పాటు ఇలాంటి చెత్తను ఇంధనంగా వాడొచ్చు. చెత్త నుంచి ఇంధనం తయారుచేసే ప్లాంటుకు 100 కిలోమీటర్ల లోపు ఉండి ఘన ఇంధనం వాడే పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దాన్ని వాడాలని 2016 నిబంధనల్లోనే పెట్టారు.

కానీ విడి ప్లాస్టిక్ గాలి మూట. లారీ నిండినా బరువు ఉండదు, కిరాయి గిట్టదు. దాన్ని నొక్కి బేళ్ళు కట్టే ప్రెస్సు కావాలి, అది ఒక్క పంచాయతీ పెట్టుకునేది కాదు. పొడి చెత్త చివరి పని మండల స్థాయిలో జరగాలి. స్వచ్ఛ భారత్ మిషన్‌లోనే ప్లాస్టిక్ యూనిట్‌కు బ్లాకుకు, అంటే మన దగ్గర మండలానికి, 16 లక్షల వరకు ఇచ్చే వీలు పెట్టారు. పక్క ఊళ్ళ సర్పంచులతో కలిసి ఎంపీడీఓ గారికి ఉమ్మడిగా రాసివ్వండి. మీ షెడ్డులో వేరు చేసి, సంచుల్లో కట్టి, పదిహేను రోజులకోసారి మండల యూనిట్‌కు పంపడం వరకే మీ బాధ్యతగా పెట్టుకోండి. ప్రణాళికను సమగ్రం అనాలంటే నా లెక్కలో ఇది ఉండాలి: ఏ పని ఇంట్లో ఆగాలి, ఏది ఊళ్ళో, ఏది మండలంలో అని ముందే విడగొట్టడం.

ఇక మిగిలినవి డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, కాలం చెల్లిన మందులు, బ్యాటరీలు, పురుగుమందుల డబ్బాలు. 2016 నిబంధనలు చెత్తను మూడు రకాలుగా వేరు చేయమన్నాయి. 2026లో వచ్చిన కొత్త నిబంధనలు తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అని నాలుగు చేశాయి. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇమ్మనండి, బండికి వాటికోసం మూత ఉన్న డబ్బా తగిలించండి. చిన్న ఇన్సినరేటర్లు కొనమని కూడా మీ దగ్గరికి వస్తారు. తక్కువ వేడిలో ప్లాస్టిక్ కలిసిన ప్యాడ్లు కాలిస్తే విషపు పొగ వస్తుంది. ఆసుపత్రి వ్యర్థాలు తీసుకెళ్ళే వాహనం మీ పీహెచ్‌సీకి వస్తుంటే ఆ సంస్థతోనే ఒప్పందం కుదురుతుందేమో జిల్లా స్థాయిలో అడగండి.

చికెన్ షాపుల సంగతి విడిగా చూడాలి. ఈకలు, పేగులు తడి బండిలోకి రానిస్తే మిగతా అంతా పాడవుతుంది, కుక్కలు మరుగుతాయి. షాపువాళ్ళతో కూర్చుని ఒకే డ్రమ్ము, ఒకే సమయం అని ఖాయం చేయండి, దానికి నెలకు రుసుము తీసుకోండి. దగ్గర్లో రెండరింగ్ ప్లాంటు (మాంస వ్యర్థాలను ఉడికించి కొవ్వు, పొడిగా మార్చేది) ఉంటే అక్కడికి పంపాలి, లేకపోతే లోతైన గుంతలో సున్నం చల్లి పూడ్చాలి. ఆ గుంత చెరువుకు, బావులకు దూరంగా ఉండాలి. చేపల చెరువులకు మేతగా కొంటామని ఎవరైనా వస్తే ఇవ్వకండి.

బండి ఎప్పుడు వస్తుందన్నదే వేరుచేయడాన్ని నిర్ణయిస్తుంది

ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక ఊళ్ళో ఎంత ప్రచారం చేసినా వేరు చేసిన చెత్త రావడం లేదని పిలిచారు. వెళ్ళి చూస్తే బండి పది గంటలకు తిరుగుతోంది. పత్తి ఏరే రోజులు అవి. ఏడింటికే ఇళ్ళకు తాళాలు. సాయంత్రం వచ్చి చెత్తను మోరీలోకో వీధి చివరకో విసిరేస్తున్నారు. బండిని ఆరింటికి మార్చారు, అంతే. నెలలోపే వీధి చివరి కుప్పలు చాలా వరకు తగ్గాయి. ఎండాకాలం ఉపాధి పనికి ఇంకా ముందే వెళ్తారు కాబట్టి కాలాన్ని బట్టి సమయం మార్చండి. మార్చేముందు చాటింపు వేయించండి.

మీ ట్రాక్టర్ సందుల్లోకి పోదు. వెడల్పు వీధుల్లోని 600 ఇళ్ళకు ట్రాక్టర్, మిగతా 900 ఇళ్ళకు నాలుగు తోపుడు రిక్షాలో బ్యాటరీ బండ్లో పెట్టండి. ఒక్కో బండి ఉదయం మూడు మూడున్నర గంటల్లో 225 ఇళ్ళు తిరగగలదు. తడి రోజూ, పొడి బుధవారం, శనివారం మాత్రమే తీసుకోండి. పొడి చెత్త ఇంట్లో మూడు నాలుగు రోజులున్నా కంపు కొట్టదు, గోడకు తగిలించిన గోనె సంచి చాలు. పొడి వచ్చే రోజులు వేరుగా ఉంటే కలిపి ఇచ్చే అవకాశమే తగ్గుతుంది. ట్రాక్టర్ ట్రాలీలో ఇనుప జాలీతో ఒక అడ్డుగోడ పెట్టించండి, లేకపోతే ఆ రెండు రోజులూ అంతా కలిసిపోతుంది.

బుట్టను ఇంటివాళ్ళు బండిలో గుమ్మరించకూడదు, పనివాళ్ళు చేతికి తీసుకుని చూసి పోయాలి. కలిసి ఉంటే తిట్టొద్దు, అక్కడే చూపించి రేపు ఇలా ఇవ్వండమ్మా అని చెప్పాలి. మొదటి నెల ప్రతి బండి వెనక మహిళా సంఘం నుంచి ఒకరు నడవాలి, ఆ రోజుకు వాళ్ళకు కూలీ ఇవ్వాలి. ఉచితంగా నడిపించే పనులు రెండో వారానికి ఆగిపోతాయి. సర్పంచ్‌గా మీరూ కొన్ని ఉదయాలు వెంట నడవండి. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌లో 2015లో మొదలైన పద్ధతి అంతా మహిళా సంఘాల మీదే నిలబడింది. నాలుగు వందల మందికి పైగా మహిళలు ఇంటింటికీ తిరిగి చెత్త తీసుకుని, చిన్న కేంద్రాల్లో రకరకాలుగా వేరు చేశారు. ఊరి పాత డంపింగ్ యార్డు మూతపడి పార్కయింది. వీలైతే మీ సంఘం వాళ్ళను అక్కడికి పంపండి. అంత దూరం కుదరకపోతే విజయనగరం జిల్లా బొబ్బిలిలో మున్సిపాలిటీ నడిపిన చెత్త పార్కు గురించి అయినా తెలుసుకోండి.

జీతాలు, రుసుము

ప్రణాళికలో ముందు రాయాల్సింది పన్నెండు నెలల నడక ఖర్చు: జీతాలు, డీజిల్, ట్రాక్టర్ వాయిదా, చేతి తొడుగులు, బూట్లు, బండ్ల రిపేరు. జీతం రెండు నెలలు ఆగితే ఎంత మంచి ప్రణాళిక అయినా ఆగుతుంది. పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులు పొద్దున్నే మన ఇంటి కంపును చేత్తో ఎత్తుతున్నారు. వాళ్ళ జీతం మిగతా అన్ని బిల్లుల కంటే ముందు పాస్ కావాలి. టెటనస్, హెపటైటిస్ బి టీకాలు పీహెచ్‌సీలో వేయించండి.

ఎరువు అమ్మి ఇవన్నీ నడుపుతామని ఎవరైనా చెప్తే నమ్మకండి. మీ ఎరువు అంతా కిలో 5 రూపాయలకు అమ్ముడుపోయినా నెలకు 20 వేలు దాటదు. పొడి చెత్త అమ్మిన డబ్బు వేరుచేసే వాళ్ళకే వదిలేయడం మంచిది, అప్పుడే వాళ్ళు శ్రద్ధగా వేరు చేస్తారు.

రుసుము పెట్టాలా అంటే పెట్టాలి, కానీ వెంటనే కాదు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 తర్వాత వసూలు చేసిన చెత్త పన్ను మీద ఎంత వ్యతిరేకత వచ్చిందో అందరికీ తెలుసు, 2024లో దాన్ని ఎత్తేశారు. నా అభిప్రాయంలో జనం కోపం కేవలం డబ్బు గురించి కాదు. ముందు పని కనబడాలి, తర్వాతే రసీదు రావాలి. ఆరు నెలలు బండి ఒక్క రోజు కూడా మానకుండా తిరిగాక గ్రామసభలో ఖర్చు లెక్క చదివి వినిపించి, ఇంటికి నెలకు 30 రూపాయలు అడగండి. 1,500 ఇళ్ళలో 60 శాతం ఇచ్చినా 27 వేలు వస్తాయి. దుకాణాలకు, ఫంక్షన్ హాలుకు, హోటళ్ళకు మొదటి నెల నుంచే పెట్టొచ్చు, వాళ్ళ చెత్త ఎక్కువ కాబట్టి ఎవరూ కాదనరు.

పెళ్ళిళ్ళ ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. తీర్మానం చేసి ఊరుకుంటే ఆగవు, బదులుగా ఏదైనా చేతికి అందించాలి. సిద్దిపేట వైపు మహిళా సంఘాలు స్టీల్ గిన్నెలు, పళ్ళాలు, గ్లాసులు అద్దెకిచ్చే స్టీల్ బ్యాంకులు పెట్టుకున్నాయి. అలాంటిది పెట్టుకోవడానికి మీ గ్రామ సంఘానికి అప్పు ఇప్పించండి, అద్దె వాళ్ళకే పోతుంది.

చెరువు పక్క కుప్ప

దీన్ని చివర రాస్తున్నా కానీ వానాకాలం లోపు చేయాల్సిన పని ఇదే. చెత్త పూడ్చే స్థలం చెరువుకు, ఇళ్ళకు, తాగునీటి బావులకు 200 మీటర్ల దూరంలో, నదికి 100 మీటర్ల దూరంలో ఉండాలని 2016 నిబంధనలు చెప్పాయి. బహిరంగంగా చెత్త కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చితే 25,000 రూపాయలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో చెప్పింది. నిప్పు పెట్టింది పంచాయతీ మనుషులే అయితే మీకూ ఇబ్బందే.

కొత్త చెత్త అక్కడ పడడం ఆపనిదే పాత కుప్ప జోలికి వెళ్ళకండి, డబ్బు వృథా. షెడ్డు నడవడం మొదలయ్యాక, ఎండలున్నప్పుడే జేసీబీతో కుప్పను పల్చగా పరిచి ఆరనివ్వండి. లోపల రగులుతున్న చోట పైపైన నీళ్ళు కొట్టి వదిలేస్తే మళ్ళీ అంటుకుంటుంది, ఆ భాగాన్ని విడదీసి చల్లార్చాలి. పనివాళ్ళను పొగ వీచే వైపు నిలబెట్టకండి. ఆరాక పెద్ద ఇనుప జల్లెడ ఏటవాలుగా నిలబెట్టి పారలతో విసిరితే మట్టి కిందపడుతుంది, ప్లాస్టిక్ పైన మిగులుతుంది. ఆ మట్టిని పొలాలకు, కూరగాయ మళ్ళకు ఇవ్వకండి. అందులో గాజు, బ్యాటరీల నుంచి దిగిన లోహాలు ఉండొచ్చు. గుంతలు పూడ్చడానికి, రోడ్డు పక్క చెట్లకు వాడండి, అదీ చెరువు నీళ్ళకు దూరంగా. ప్లాస్టిక్ మండల యూనిట్‌కు. పూర్తయ్యాక అక్కడ కంచె వేసి మొక్కలు పెట్టండి, ఖాళీగా వదిలితే వారంలో మళ్ళీ చెత్త పడుతుంది.

పైకి పంపాల్సిన ప్రణాళిక కాగితం విషయానికి వస్తే, తూకం పట్టిక, రకాల వారీగా చివరి చోట్ల జాబితా, వీధుల పటం మీద బండ్ల దారులు, పన్నెండు నెలల ఖర్చు. ఈ నాలుగూ మీ పంచాయతీ కార్యదర్శితో కూర్చుని మీరే తయారు చేయొచ్చు. గ్రామసభలో పెట్టి జీపీడీపీ (గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక)లో చేర్చండి.

ఇంకా కొంచెం వివరం కావాలంటే మీ దగ్గర పశువులున్న ఇళ్ళు ఎన్ని, షెడ్డు దగ్గర నీటి కనెక్షన్ ఉందా, మండల కేంద్రం ఎన్ని కిలోమీటర్లు, చెరువు కుప్ప పొడవు వెడల్పు ఎంత అన్నవి ఇక్కడే కింద రాయండి. వారం తూకం పూర్తయ్యాక ఆ అంకెలు కూడా పెడితే షెడ్డు లోపల ఏది ఎక్కడ ఉండాలో గీసి ఇస్తాను.